యథాస్థితిలో ఒక గాడిద

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ప్రభుత్వం ఒక గాడిదను హింస నుంచి కాపాడింది. సాయంత్రం దాకా కాపాడుతూనే ఉంది.

కాపాడే సమయానికి గాడిద వీపు మీద ఇటుకలున్నాయి. కాపాడిన తర్వాత కూడా ఉన్నాయి. అసలు వార్త ఇంతే. మిగిలినదంతా వివరణ.

ఫిర్యాదు చేసింది కళ్లజోళ్లావిడ. మూగజీవుల సంక్షేమ శాఖ కార్యాలయానికి ఎదురుగా ఆమె షాపు. మామగారు పెట్టిన షాపు అది, ఆయన పోయాక ఆమె నడుపుతోంది. పగలంతా ఇతరుల చూపు సరిచేస్తుంది. బేరం లేనప్పుడు గుమ్మంలో నిలబడి వీధిని చూస్తుంది. లోపల కుర్చీలో అత్తగారు కూర్చుని కోడలిని చూస్తుంది.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పుకోవాలి. పాత చట్టం మూగజీవులను హింసించేవారిని మాత్రమే శిక్షించేది. కొత్త చట్టం అక్కడితో ఆగలేదు. దాని నాలుగో సెక్షన్ ప్రకారం, హింస కంటబడితే దాన్ని ఆపించవలసిన బాధ్యత ప్రతి పౌరుడిదీ. చూసి ఊరుకున్నవాడు హింసించినవాడితో సమానం. తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఆ జంతువును శాఖ అధికారి తప్ప మరొకరు తాకరాదు. (ఈ రెండు సెక్షన్లనూ రెండు కమిటీలు రాశాయి. ఒక కమిటీ ముఖం ఇంకో కమిటీ చూడలేదు.) కాబట్టి పౌరుడు చూడాలి, ఊరుకోకూడదు, ముట్టుకోకూడదు. ఇక మిగిలింది రోడ్డు దాటి వెళ్లి చెప్పడమే.

ఆ ఉదయం ఎక్స్‌ప్రెస్ తన గాడిదతో వీధి మలుపు తిరిగాడు. ఎక్స్‌ప్రెస్ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. చెప్పిన వేళకు అతను ఎక్కడికైనా వచ్చినట్టు దాఖలాలు లేవు. రెండు వీధుల అవతల ఎవరో మేడ కడుతున్నారు. సందు ఇరుకు, లారీ పట్టదు. అందుకని ఇటుకలు గాడిద మీద చేరవేయిస్తున్నారు. మామూలుగా రెండు విడతల్లో తీసుకెళ్లే ఇటుకలను ఆ రోజు అతను ఒకే విడతలో ఎక్కించాడు. ముందురోజు మేస్త్రీ చేత మాటపడ్డాడు. ("నీకంటే ఆ గోడే ముందు లేచేట్టుంది కదరా" అని మేస్త్రీ అన్నాడు. ఇటుకలు రాకుండా గోడ ఎలా లేస్తుందని అతను తిరిగి అడగలేదు.)

గాడిద శాఖ గేటు ముందుకొచ్చి ఆగిపోయింది. కాళ్లు ఎడంగా పెట్టి తల వాల్చింది. ముందుకాలు ఒకటి వణుకుతోంది.

"చూశారా అత్తయ్యా, ఎంత బరువు వేశాడో!"

"నేను చూడలేదు." అత్తగారు తల పక్కకు తిప్పుకుంది. "నాలుగో సెక్షన్ సంగతి నాకూ తెలుసు."

"పాపం, కాలు వణుకుతోంది అత్తయ్యా."

"నా మోకాలు వణికితే ఏ శాఖకు చెప్పావే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద ఉంది అత్తయ్యా. నోరే లేదు."

ఆమె రోడ్డు దాటింది.

పరిరక్షణాధికారి కుర్చీలోంచి లేచిన తీరు గేటు దగ్గరి కాపలా మనిషికి ఆశ్చర్యం కలిగించింది. ఆ నెలలో శాఖకు ఒక్క కేసు కూడా రాలేదు. ఊళ్లో హింస తగ్గిందా, చూసేవాళ్లు తగ్గారా తెలపాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. అధికారి స్వయంగా బయటికొచ్చి గాడిద మెడ మీద చెయ్యి వేసి, "నిన్ను కాపాడాం" అని ప్రకటించాడు. తర్వాత తాడు పట్టుకుని లాగాడు. గాడిద కదల్లేదు. ముద్దాయి తాడు ముట్టుకోకూడదు కాబట్టి దూరంగా నిలబడి నాలుకతో టక్కుటక్కుమన్నాడు. అప్పుడు అది లోపలికి నడిచింది. (జంతువు తనంతట తాను శాఖను ఆశ్రయించిందని రికార్డులో ఉంది.)

కాపలా మనిషిని వీధంతా గేటు బాబాయి అంటారు. ఆయన గేటు మూసి, చేతులు దులుపుకుని, పైవరుస ఇటుక మీద చెయ్యి వేశాడు.

"ఆగు! ఏం చేస్తున్నావ్?" అన్నాడు అధికారి.

"దించుతున్నానండి. కాపాడేశాం కదా."

"అవి సాక్ష్యం."

పదిహేడో సెక్షన్ ఇక్కడ మొదలవుతుంది. హింసకు గురైన జంతువును ఏ స్థితిలో కనుగొన్నారో, తనిఖీ ముగిసేదాకా అదే స్థితిలో ఉంచాలి. దీన్ని యథాస్థితి అంటారు. బరువుకు సంబంధించిన కేసుల్లో తనిఖీ చేయవలసింది బరువుల అధికారి. జిల్లా మొత్తానికి ఆయన ఒక్కడే. (కార్యాలయంలో ఒక తూకం యంత్రం ఉంది. అది పక్షుల విభాగానిది.)

"కిందికి దించి తూచుకోవచ్చు కదా సార్?" అంది కళ్లజోళ్లావిడ.

అధికారి ఓపికగా చెప్పాడు. "మేడమ్, జంతువు మీద ఉన్నంతసేపే అది భారం. కిందపెడితే ఉత్త ఇటుకలు. ఇటుకలు ఉండటం నేరం కాదు."

"మరి ఆ బరువులాయన ఎప్పుడొస్తారు?"

"సదస్సులో ఉన్నారు."

"దేనిమీద సదస్సు?"

"సత్వర ఉపశమనం మీద. అయిపోగానే వస్తారు. సాయంత్రం కావచ్చు, రేపు కావచ్చు. ఈలోపు దానికే లోటూ రాదు. అది మా సంరక్షణలో ఉంది."

అధికారి ఇద్దరినీ తన గదిలోకి పిలిచి, పత్రాలు తీసి ముద్దాయిని ప్రశ్నించడం మొదలుపెట్టాడు.

"జంతువుతో సంబంధం?"

"మా పెద్దమ్మాయండి."

అధికారి ‘తండ్రి’ అని రాశాడు.

"అంటే, ఇంట్లో అలా పిలుస్తామండి," అన్నాడు ఎక్స్‌ప్రెస్. "చిన్నమ్మాయి బడికెళ్లింది. దానికంటే ఇదే ముందొచ్చింది మా ఇంటికి."

"పెద్దమ్మాయిని బడికి పంపలేదా?"

"గాడిదండి."

"అది నాకూ తెలుసు. ఈ గడిలో ఏదో ఒకటి రాయాలి."

తర్వాతి గడి బాధిత జీవి వాంగ్మూలం. దాన్నీ ఖాళీగా వదలకూడదు. అధికారి కిటికీలోంచి గాడిదను కాసేపు చూసి, ‘తర్వాత ఇస్తానన్నది’ అని రాశాడు.

ఎక్స్‌ప్రెస్ చేతులు జోడించాడు. "సారూ, తప్పే. ఎక్కువేశాను, ఒప్పుకుంటున్నాను. జరిమానా వెయ్యండి, జైల్లో పెట్టండి. ముందు ఆ ఇటుకలు దించనివ్వండి."

"ఒప్పుకుంటే సరిపోదయ్యా. తప్పు ఎంత బరువుందో తేలాలి."

"మీరు ఆపకపోతే ఈపాటికి సైటులో దించేసేవాణ్ణి. అది గడ్డి తింటుండేది, నేను టీ తాగుతుండేవాణ్ణి."

"అంటే నేరం పూర్తయ్యేదన్నమాట," అన్నాడు అధికారి. "సమయానికి ఆపాం."

ఈ మాట కళ్లజోళ్లావిడకు ఎక్కడో తగిలింది. తను ఊరుకుని ఉంటే పది నిమిషాల్లో ఆ వీపు ఖాళీ అయ్యేది. ఆమె కిటికీ ఊచల మధ్య నుంచి చూసింది. గాడిదకు ఇప్పుడు రెండు కాళ్లు వణుకుతున్నాయి.

మధ్యాహ్నమయ్యేసరికి గోడ నీడ పక్కకు జరిగింది. గాడిద జరగలేదు. నిలబడ్డ చోటు కూడా యథాస్థితిలోకే వస్తుంది. నీళ్ల విషయంలో అధికారికి సందేహం వచ్చింది. నీళ్లు తాగితే జంతువు బరువు పెరుగుతుంది, దానివల్ల తూకంలో తేడా వస్తుంది. ఆ సందేహం తీర్చుకోవడానికి ఆయన సర్క్యులర్లు వెతుకుతున్నంతలో భోజనాల వేళయింది. ఆయన అటు వెళ్లగానే గేటు బాబాయి బకెట్టు తెచ్చాడు. గాడిద తల ఎత్తకుండా బకెట్టంతా తాగింది. బాబాయి ఖాళీ బకెట్టును ఎక్కడిదక్కడ బోర్లించాడు. యథాస్థితి నిలిచింది.

అధికారి తిరిగి రాగానే కళ్లజోళ్లావిడ ఎదురెళ్లింది.

"సార్, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తప్పకుండా తీసుకోవచ్చు. అప్పుడు మీరు హింసను చూసి ఊరుకున్నవారవుతారు. మీ మీద కేసు పెట్టాల్సి వస్తుంది. దానికి గాడిద సాక్షి."

"గాడిదను మటుకు వదిలేస్తారుగా?"

"సాక్షిని ఎలా వదుల్తాం మేడమ్?"

ఆమె ఆవరణ వైపు వేలు చూపించింది. "అయితే ఇంకో ఫిర్యాదు రాసుకోండి. ఈ ఆవరణలో ఒక గాడిదను పొద్దుటినుంచి బరువుతో నిలబెట్టారు. నేను నా కళ్లతో చూశాను. ఊరుకోను."

అధికారికి కోపం వస్తుందని ఆమె అనుకుంది. ఆయన ముఖం వెలిగింది. నెలలో ఇది రెండో కేసు.

"మీలాంటి పౌరులు పదిమంది ఉంటే చాలు మేడమ్. నిందితుడెవరు?"

"మీరే కదా సార్."

"విచారణ జరగకుండా ఎవరి పేరూ రాయకూడదు. ‘తెలియరాలేదు’ అని రాస్తాను." రాశాడు. "ఒక కేసులో చూసిన తూకం ఇంకో కేసులో చెల్లదు. బరువుల అధికారి దీన్ని రెండుసార్లు తూచాలి. అందుకు వేరే తేదీ ఇస్తారు."

గోడవారన కూలబడ్డ ఎక్స్‌ప్రెస్ లేచి నిలబడ్డాడు. "అక్కా, నీకో దండం. ఇంక ఫిర్యాదు చెయ్యకక్కా. మా పెద్దమ్మాయి తట్టుకోలేదు."

ఆమె షాపుకు తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది.

"వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు," అంది అత్తగారు. "ఆ ఆఫీసరు కాళ్లు పట్టుకోకపోయావా?"

"పట్టుకున్నంత పని చేశాను. సెక్షన్ తీసి చూపించాడు."

"చూపించాడు సరే, చదివాడా? ఇక్కడికి కనబడుతూనే ఉంది. కాగితాన్ని అంత దూరాన పెట్టుకుని, పిల్లాడు గాలిపటం ఎగరేసినట్టు చదువుతున్నాడు. మీ మామగారు ఉంటే వీధిలోంచే కళ్లజోడు నంబరు చెప్పేవారు."

కళ్లజోళ్లావిడ అత్తగారి ముఖంలోకి చూసింది. అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. పెళ్లైన ఇన్నేళ్లలో వాళ్లిద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం అదే మొదటిసారి.

"కళ్లు చూసే చీకటి గదిలో బల్బు వెలుగుతోందా అత్తయ్యా?"

"వెలుగుతోంది. నువ్వెళ్లి పిలుచుకురా. తీరిగ్గా చూడు, తొందరేం లేదు."

అధికారి మొదట ఒప్పుకోలేదు. తన చూపులో లోపం లేదని, ఉంటే శాఖ తెలియజేసేదని అన్నాడు.

"పదిహేడో సెక్షన్‌లో ఏదైనా చిన్న అక్షరాల్లో ఉండి, మీకు కనబడకపోతే?" అంది ఆమె. "పైవాళ్లు అడిగితే ఏం చెబుతారు? డబ్బులేం వద్దు సార్. వీధివాళ్లం."

అధికారి అటూ ఇటూ చూసి ఆమె వెనకే రోడ్డు దాటాడు.

చీకటి గదిలో ఆయన ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ ఆమె అడగడం మొదలుపెట్టింది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"నిబంధన ప్రకారం ఏది బాగుండాలి?"

"మీకు ఏది బాగుంటే అది."

ఆయన్ను ఉద్యోగంలో ఎవరూ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. బాగా ఆలోచించాడు. "రెండూ సమానమే అని రాసుకోండి."

"సరే. ఇప్పుడు?"

పెట్టెలో ఉన్న అద్దాలన్నీ ఆమె వేసి చూపించింది. అయిపోయాక మొదటినుంచి మళ్లీ వేసింది.

ఈలోపు అత్తగారు మోకాలు పట్టుకుని రోడ్డు దాటింది. "కానివ్వండి, దించండి," అంది.

"యథాస్థితి పెద్దమ్మా," అన్నాడు గేటు బాబాయి, గొంతు తగ్గించి. "నా ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం గేటు చూడటం. అటు తిరిగి గేటు చూడు. నేను ఇటు తిరిగి గోడ చూస్తాను. మధ్యలో ఏం జరుగుతుందో మనకేం తెలుసు నాయనా?"

వాళ్లిద్దరూ చెరోవైపు తిరిగారు. ఎక్స్‌ప్రెస్ జీవితంలో మొదటిసారి తన పేరుకు తగ్గట్టు పనిచేశాడు. మధ్యలో గేటు బాబాయి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. చూసి ఊరుకోవడం నేరం కనుక తనూ ఒక చెయ్యి వేశాడు.

అధికారి తిరిగొచ్చేసరికి ఇటుకలు గోడవారన వరుసగా పేర్చి ఉన్నాయి. గాడిద మట్టిలో వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ పొర్లుతోంది.

"ఎవరు దించారు?"

"నాకు కళ్లజోడు లేకుండా కనబడదు బాబూ. షాపులో ఉంది," అంది అత్తగారు.

"నా డ్యూటీ గేటు వరకేనండి," అన్నాడు బాబాయి.

"ముట్టుకోవద్దని మీరే చెప్పారు కదండీ," అన్నాడు ఎక్స్‌ప్రెస్. "తొమ్మిదో సెక్షన్."

కళ్లజోళ్లావిడను ఆయన అడగనే లేదు. ఆమె అంతసేపూ చీకటి గదిలో అధికారితోనే ఉంది. అధికారే అందుకు సాక్షి.

శాఖ కస్టడీలో సాక్ష్యం చెదిరితే బాధ్యత పరిరక్షణాధికారిది. ఆ సెక్షన్ ఆయనకు చూడకుండానే వచ్చు. చాలాసేపు పచార్లు చేశాడు. పొర్లుతున్న గాడిద చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత కూర్చుని రాశాడు. ఆ భాగం రికార్డులో ఇలా ఉంది:

‘జంతువును మరెవరూ తాకనందున, అది తన భారమును తానే దించుకొని, గోడవారన వరుసగా పేర్చినదని తేలినది. ఇష్టము లేనప్పుడు దించుకోగల జంతువు అంతవరకు మోసినదంటే, ఇష్టపూర్వకముగానే మోసినదని అర్థము. కావున హింస జరగలేదు. రెండు కేసులూ మూసివేయడమైనది.’

ఎక్స్‌ప్రెస్ గాడిద మెడను వాటేసుకున్నాడు. ఇప్పుడు ముట్టుకోవచ్చు.

"తీసుకెళ్లనా సారూ?"

"తీసుకెళ్లు. ఒక్క నిమిషం." అధికారి కలం మూత పెట్టలేదు. "మూసేసిన కేసు సాక్ష్యాలు అదే రోజు ప్రధాన కార్యాలయానికి చేరాలి. ఒకే విడతలో చేరాలి, ముక్కలు చేయకూడదు."

"ప్రధాన కార్యాలయం ఊరి ఆ చివర కదండీ," అన్నాడు గేటు బాబాయి. "మన బండి సదస్సుకెళ్లింది."

"బండి ఎందుకు? ఇష్టపూర్వకంగా మోస్తుందని నిర్ధారణ అయిన జంతువు ఆవరణలోనే ఉంది." అధికారి కొత్త కాగితం తీశాడు. "ప్రభుత్వ పని మీద మోసేదాన్ని చట్టం భారం అనదు. సేవ అంటుంది."

"ఇటుకలు నాకు మళ్లీ ఎప్పుడిస్తారండీ?" అన్నాడు ఎక్స్‌ప్రెస్. "మేస్త్రీ..."

"అప్పీలు గడువు తీరాక."

"ఎవరు చేస్తారండీ అప్పీలు?"

"బాధిత జీవికి హక్కుంది."

గాడిద లేచి ఒళ్లు విదుల్చుకుంది. దుమ్ము లేచింది. ఎక్స్‌ప్రెస్ ఇటుకల వైపు చూసి, గాడిద వీపు వైపు చూసి, కళ్లజోళ్లావిడ వైపు చూశాడు.

"సార్," అంది ఆమె. "ఒకే విడతలో చేరాలన్నారు. ఒక్క వీపు మీదే చేరాలని ఉందా?"

అధికారి పుస్తకాన్ని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని మూడు పేజీలు తిప్పాడు. "లేదు."

"మనుషులు మోయకూడదని ఉందా?"

"మేడమ్, ఈ చట్టంలో మనుషుల ప్రస్తావనే లేదు."

"ఎంత బరువైనా?"

"ఎంతైనా."

ఆమె వెళ్లి షాపు షట్టరు దించి తాళం వేసి వచ్చింది. "మీరు ఇంటికెళ్లండి అత్తయ్యా," అంది.

"ఇంటికెళ్లి ఏం చెయ్యను, గోడ చూడనా?" అత్తగారు చేతిసంచి నోరు తెరిచి పట్టుకుంది. "రెండు వెయ్యి. మోకాలికి చెప్పకు."

సాయంత్రం ఐదు దాటాక గాడిద శాఖ గేటు దాటింది. దాని వీపు మీద మామూలుగా ఒక విడతలో మోసేన్ని ఇటుకలే ఉన్నాయి. మిగిలినవి ఎక్స్‌ప్రెస్ నెత్తి మీద, గేటు బాబాయి రెండు భుజాల మీద, కళ్లజోళ్లావిడ చేతుల్లో, అత్తగారి సంచిలో ఉన్నాయి. అధికారి గేటు దగ్గర నిలబడి, సేవ మొదలైన వేళ రాసుకున్నాడు. మొదటి మలుపు దగ్గర కళ్లజోళ్లావిడ చేతులు వణకడం మొదలైంది. ఆమె ఆగి, ఇటుకలు సర్దుకుని, మళ్లీ నడిచింది.

ఊరి ఆ చివరిదాకా దారి పొడవునా చాలామంది గుమ్మాల్లో నిలబడి వాళ్లను చూశారు. శాఖకు ఇంతవరకు ఫిర్యాదు ఏదీ అందలేదు.